తాటిపూడి ఒడ్డున రెండు రాత్రులు: సిగ్నల్ అందని కాటేజీ

కార్తీకమాసంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను, మా వారు, పదకొండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి, మా అత్తగారు కలిసి విశాఖపట్నం నుంచి బయలుదేరి, పెందుర్తి, కొత్తవలస మీదుగా సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణించి, తాటిపూడి జలాశయం ఒడ్డున ఉన్న ఒక ప్రైవేటు కాటేజీకి చేరుకున్నాము. అక్కడ ఉన్నవి రెండే గదులు. రద్దీ పెరగడం తమకు ఇష్టం లేదని నిర్వాహకులు చెప్పారు కనుక పేరు రాయడం లేదు.

గదుల్లో టీవీ లేదు, వైఫై లేదు. చేరగానే మూత ఉన్న వెదురుబుట్ట ఒకటి తెచ్చి, ఫోన్లు అందులో ఉంచమని అడుగుతారు. బలవంతమేమీ లేదు, గదుల్లో సిగ్నల్ ఎలాగూ అందదు కాబట్టి ఆ బుట్ట ఒక మర్యాద మాత్రమే. అయినా ఆ మర్యాద పనిచేసిందని ఒప్పుకోవాలి. చేతిలో ఉన్న ఫోన్‌ను సిగ్నల్ లేకపోయినా పదిసార్లు తీసి చూసే అలవాటు మా వారికీ నాకూ ఎంతగా ఉందో, అది చేతిలో లేనప్పుడే తెలిసింది.

ఇలాంటి చోటుకు అసలు పరీక్ష సాయంత్రం వేళ ఎదురవుతుంది. ఆ నెలలో ఐదున్నరకే చీకటి పడుతుంది, భోజనం ఎనిమిదింటికి గాని పెట్టరు. ఆ రెండున్నర గంటలు ఏం చేయాలో తోచక మొదటిరోజు మా అబ్బాయి ట్యాబ్ కోసం మూడుసార్లు అడిగి, నాలుగోసారి ఏడుపు మొదలుపెట్టాడు. అప్పుడు అక్కడి వంట, కాపలా రెండూ చూసే పెద్దాయన వరండా గచ్చు మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గడులు గీసి, గవ్వలకు బదులు ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు నాలుగు తెచ్చి ఇచ్చాడు. ప్రత్యర్థి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి గడుల్లోకి పోనివ్వరాదన్న నియమాన్ని మా అత్తగారు ఎంత కఠినంగా అమలు చేశారంటే, ఇంట్లో మనవడు అడిగిందల్లా ఇచ్చే ఆవిడ వాడి కాయలను వరుసగా మూడింటిని ఇంటికి పంపించారు. మరునాటి సాయంత్రం ట్యాబ్ ఊసు ఎవరూ ఎత్తలేదు. ఫోన్లు తీసుకోవడం ఎవరికైనా చేతనవుతుంది, తీసుకున్నాక చేతికి మరో పని ఇవ్వడమే కష్టం. ఈ కాటేజీకి నేను ఎక్కువ మార్కులు వేసేది అందుకే.

తెల్లవారుజామున నీటి మీద మంచు కమ్ముకుని అవతలి కొండలు కనిపించవు. ఏడు గంటలు దాటాక ముందు కొండకొమ్ములు, తరువాత చెట్లు, చివరికి మోళ్ల మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు బయటపడతాయి. ఇది గోస్తనీ నది మీద 1963-68 మధ్య కట్టిన జలాశయమనీ, విశాఖ నగరానికి తాగునీరు ఇచ్చే వనరుల్లో ఒకటనీ మా వారు చెబితే, "అయితే మనం ఇన్నాళ్లూ తాగింది ఈ నీళ్లేనా!" అని మా అత్తగారు నీటికి దణ్ణం పెట్టారు. బొర్రా గుహల దగ్గర పుట్టిన ఈ నదే భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుందని తెలిశాక మా అమ్మాయి దాని దారిని కాగితం మీద గీయడానికి ఒక పూటంతా కూర్చుంది. పిల్లలను నీటిలోకి మాత్రం దిగనివ్వరు. లోతు దృష్ట్యా అది సరైన నిర్ణయమే.

భోజనం గురించి వివరంగా చెప్పాలి. కార్తీకమాసం కనుక మా అత్తగారు ఉల్లి, వెల్లుల్లి తినరని ఒక్కసారి చెప్పాము. ఆవిడకు వేరే గిన్నెల్లో కంద బచ్చలి కూర, గుమ్మడికాయ బెల్లం పులుసు వండి, ముందుగా ఆవిడకే వడ్డించారు. ఆ పట్టింపు లేని మాకు చేపల పులుసు పెట్టారు. కారం పిల్లలకు కాస్త ఎక్కువే. ఉదయం దిబ్బరొట్టె అడుగు ఎర్రగా, కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంది. చోడి (రాగి) అంబలి మాత్రం మరీ పలుచన.

ఇక లోపాలు. ఆదివారం ఉదయం పది గంటలకల్లా వనభోజనాల బృందాలు మైకులతో సహా దిగాయి. నీటి మీదుగా శబ్దం ఎంత దూరం పోతుందో అప్పుడే అర్థమైంది. అవతలి గట్టున ఆడుతున్న తంబోలా అంకెలు మా వరండాలో స్పష్టంగా వినిపించాయి. ఇది నిర్వాహకుల తప్పు కాదు, కాని కార్తీకంలో ఆదివారాలకు గదులు ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పాలి. బయటి ప్రపంచంతో సంబంధం లేకపోవడాన్ని గొప్పగా చెప్పుకునేవారు కనీసం ఒక మందుల పెట్టె, రాత్రివేళ అత్యవసరమైతే ఆసుపత్రికి చేర్చే వాహనం సిద్ధంగా ఉంచాలి. రెండూ లేవు. రక్తపోటు మాత్రలు వేసుకునే పెద్దావిడను వెంటబెట్టుకుని వెళ్లిన నాకు మొదటిరాత్రి నిద్ర సరిగా పట్టకపోవడానికి కారణం అదే.

అన్నిటికంటే విచిత్రమైనది బిల్లు. రెండు గదులకు, భోజనాలతో కలిపి, రెండు రాత్రులకు 9,000 రూపాయలు. బయలుదేరేటప్పుడు తెలిసిందేమిటంటే, డబ్బు యజమాని ఖాతాకు ఫోన్ ద్వారానే పంపాలట! ఫోన్లు బుట్టలో పెట్టించుకున్న చోట, సిగ్నల్ అందని చోట! చివరకు పెద్దాయన మా వారిని వెంటబెట్టుకుని గట్టు మీదికి నడిచాడు. డబ్బు వెళ్లిందని మా వారు చూపించినా, "పడిందో నేదో అయ్యగోరికి ఫోన్ సేసి అడుగుతాను, ఒక్క రవ్వ ఆగండి బాబూ" అని తన ఫోన్‌ను ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని పావుగంట నిలబడ్డాడు.

సంక్రాంతి సెలవులు ముగిశాక వచ్చే వారంలో, ఆదివారం తగలకుండా, మళ్లీ గదులు అడిగి ఉంచాము. ఈసారి నగదు తీసుకుంటామని ముందే మాట తీసుకున్నాను.