పికాసా పోయాక ఏది మేలు? పేర్లు ఎక్కడ దాస్తుందో చూసి ఎంచుకోండి

పికాసా అంటే గూగుల్ ఉచితంగా ఇచ్చిన ఫోటోల సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌లోని ఫోటోలను సర్దేది, వాటిలోని ముఖాలు గుర్తుపట్టి కింద పేర్లు రాసుకోనిచ్చేది. అది ఆగిపోయి ఇన్నేళ్ళయినా నన్ను అడిగే ప్రశ్న మాత్రం మారలేదు. కావలి నుంచి ఒక మాస్టారు, ఒంగోలులో స్టూడియో నడిపే మిత్రుడు, నెల్లూరులో మా వీధిలోనే ఉండే రిటైరైన బ్యాంకు ఉద్యోగి, అందరిదీ ఒకటే మాట. "దాని బదులు ఇప్పుడు ఏది వేసుకోమంటావయ్యా?"

గూగుల్ 2016 మార్చి 15 నుంచి పికాసాను పట్టించుకోవడం మానేసింది. అయినా చాలామంది పాత సెటప్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో దాచుకుని కొత్త కంప్యూటర్ కొన్నప్పుడల్లా వేసుకుంటూ వచ్చారు. నేనూ అలాగే నెట్టుకొచ్చాను. విండోస్ 11లో కూడా అది తెరుచుకుంటుంది. కానీ ఐఫోన్లు 2017 నుంచి ఫోటోలను హెచ్ఈఐసీ రకంలో తీస్తున్నాయి. అప్పటికే ఆగిపోయిన పికాసాకు అవి కనపడవు. పిల్లలు పంపే ఫోటోల్లో సగం అలాంటివే.

నేను దాన్ని వదిలేయడానికి అసలు కారణం వేరే. మూడేళ్ళ కిందట కంప్యూటర్ బాగా నెమ్మదించిందని ఒక షాపులో ఇచ్చాను. కొత్త డిస్కు వేసి, విండోస్ మళ్ళీ ఎక్కించి ఇచ్చారు. ఇంటికొచ్చి ఫోటోలు లెక్క చూసుకున్నాను, ఒక్కటీ పోలేదు. పికాసా తెరిస్తే మాత్రం ముఖాల కింద పేర్లు లేవు.

ఎందుకు పోయాయో తర్వాత తెలిసింది. మనం ప్రత్యేకంగా చెబితే తప్ప పికాసా ముఖాల పేర్లను ఫోటోలో రాయదు. కొంత సమాచారం ప్రతి ఫోల్డర్‌లో కంటికి కనపడకుండా ఉండే ఒక చిన్న ఐఎన్ఐ ఫైల్‌లో, మిగతాది సి డ్రైవ్‌లోని తన డేటాబేస్‌లో పెడుతుంది. షాపులో కంటికి కనపడిన ఫోటోలను మాత్రం కాపీ చేసి సి డ్రైవ్ తుడిచేశారు. రెండు చోట్లవీ పోయాయి. కానీ ఫోటోల కింద నేను టైపు చేసిన క్యాప్షన్లు చెక్కుచెదరలేదు. వాటిని పికాసా జేపెగ్ ఫైల్ లోపలే రాస్తుంది కాబట్టి ఫోటోతోపాటే వచ్చేశాయి.

పోయిన పేర్లు మామూలువి కావు. 1974లో కందుకూరులో మా పెద్దమ్మ పెళ్ళినాటి గ్రూప్ ఫోటో స్కాన్ చేసి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో ముఖమూ చూపిస్తూ అడిగి రాసుకున్నవి. "ఈమె మీ అమ్మమ్మకు పినతల్లి కూతురు, చీమకుర్తిలో ఇచ్చారు" అని ఓపిగ్గా చెప్పింది. ఇప్పుడు పెద్దమ్మ లేదు. ఆ ఫోటోలో మిగిలింది "కందుకూరు, 1974, పెద్దమ్మ పెళ్ళి" అన్న క్యాప్షన్ ఒక్కటే.

అందుకే ఎవరు ఏ సాఫ్ట్‌వేర్ గురించి అడిగినా ముందు నేను చూసేది ఇదే. మనం రాసిన పేరు ఫోటో ఫైల్‌లోకి వెళుతుందా, లేక ఆ సాఫ్ట్‌వేర్ దగ్గరే ఉండిపోతుందా? రంగులు దిద్దడం, ఎర్రకళ్ళు పోగొట్టడం, వంకర సరిచేయడం ఈ రోజు ఏదైనా చేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆగిపోయిన రోజున మన దగ్గర ఏం మిగులుతుందన్నదే నాకు ముఖ్యం.

ముందు గూగుల్ ఫోటోస్. పికాసాను ఆపినప్పుడు గూగుల్ మనల్ని వెళ్ళమన్నది అక్కడికే. ముఖాలు పట్టడంలో దానికి సాటి లేదు. మా మేనల్లుడి చిన్నప్పటి ఫోటోలూ పెళ్ళి ఫోటోలూ ఒకే మనిషివని తనంతట తానే కనిపెట్టింది. అమెరికాలో ఉన్న తమ్ముడికి ఆల్బమ్ పంపాలంటే ఇంతకంటే తేలిక ఇంకోటి లేదు. అయితే 2021 జూన్ 1 నుంచి ఎక్కించే ప్రతి ఫోటో 15 జీబీ ఉచిత స్థలంలో లెక్కకొస్తుంది. జీమెయిల్, డ్రైవ్ కూడా అందులోనే సర్దుకోవాలి. ఇరవై ఏళ్ళ ఫోటోలున్న ఇంటికి అది ఏ మూలకూ చాలదు, ప్రతి ఏడాదీ డబ్బు కట్టాల్సిందే. డబ్బు సంగతి అలా ఉంచినా, అక్కడ పెట్టిన పేర్లు ఫోటోలో చేరవు. గూగుల్ దగ్గరున్న మన సమాచారాన్ని దించుకునే టేకౌట్‌లో అన్నీ తెచ్చుకుంటే ఫోటో ఒక ఫైల్‌గా, దాని వివరాలు పక్కన జేసన్ అనే ఇంకో ఫైల్‌గా వస్తాయి. రెండింటినీ మళ్ళీ కలపడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. నేను దాన్ని ఫోన్ బ్యాకప్‌కు, పంచుకోవడానికి వాడతాను. ఇంటి ఫోటోల అసలు బీరువాగా మాత్రం ఒప్పుకోను.

అడోబీ వాళ్ళ ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్ సంగతికొస్తే, ఒంగోలు మిత్రుడికి నేనే దాన్ని వేసుకోమన్నాను. పెళ్ళికి రెండు వేల రా (RAW, కెమెరా ఏమీ దిద్దకుండా ఇచ్చే ముడి) ఫోటోలు తీసి, ఒకదానికి దిద్దిన రంగును వంద ఫోటోలకు ఒక్క దెబ్బతో వేయాలంటే దానికి మించినది లేదు. నెలనెలా కట్టే చందా అతనికి వ్యాపార ఖర్చు. ఇంట్లో వాడుకునేవాళ్ళకు అది జీవితాంతం మోయాల్సిన బరువు. ఒకసారి డబ్బిచ్చి కొనుక్కునే లైట్‌రూమ్ 6 తర్వాత అలాంటి వెర్షన్ మళ్ళీ రాలేదు. చందా ఆపేసినా లైబ్రరీ తెరుచుకుంటుంది, ఫోటోలు చూసుకోవచ్చు. డెవలప్, మ్యాప్ భాగాలకు మాత్రం తాళం పడుతుంది. పేర్ల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. అది అన్నీ కేటలాగ్ అనే ఒకే ఫైల్‌లో రాసుకుంటుంది. ఫోటోలోకి వెళ్ళాలంటే కేటలాగ్ సెట్టింగ్స్‌లో మార్పులను ఎక్స్ఎంపీలోకి (ఫోటో వివరాలు రాసే పద్ధతి, చాలా సాఫ్ట్‌వేర్లు చదవగలవు) రాయమనే టిక్ పెట్టాలి, లేదా ఎంచుకున్న ఫోటోలపై కంట్రోల్ ఎస్ నొక్కాలి. ఆ టిక్ ముందే పెట్టి ఉండదు, మనమే పెట్టుకోవాలి. మిత్రుడి కంప్యూటర్‌లో నేనే దగ్గరుండి పెట్టించాను.

నేను స్థిరపడింది డిజీక్యామ్ దగ్గర. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. మొదటి వారం కష్టంగానే గడిచింది. పికాసా తెరవగానే అన్నీ కళ్ళముందు ఉండేవి. దీనిలో ఎటు చూసినా మెనూలే. ముఖాలు గుర్తించడానికి మొదట్లోనే కొన్ని వందల ఎంబీ ఫైళ్ళు దించుకోమంటుంది. పాత ల్యాప్‌టాప్‌లో ముఖాల స్కాన్ రాత్రంతా నడిచింది. గూగుల్ అంత చురుగ్గా గుర్తుపట్టదు, చిన్నపిల్లల ముఖాల్లో బాగా తడబడుతుంది. ఇవన్నీ తెలిసి కూడా దాన్నే ఎంచుకున్నాను. సెట్టింగ్స్‌లో మెటాడేటా (ఫోటోతోపాటు ఉండే వివరాలు) కింద ట్యాగులు, క్యాప్షన్లు, ముఖాల పేర్లు అన్నింటికీ టిక్ పెడితే ప్రతి పేరూ, ముఖం ఫోటోలో ఏ చోట ఉందో ఆ కొలతలతో సహా, ఫైల్ లోపల రాసేస్తుంది. పేర్లు తెలుగులోనే రాసుకుంటున్నాను, ఎక్కడా గళ్ళు గళ్ళుగా మారలేదు. రేపు డిజీక్యామ్ ఆగిపోయినా అదే పద్ధతి చదివే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఆ పేర్లు కనపడతాయి.

డిజీక్యామ్‌లో నాకు బాగా పనికొచ్చిన ఇంకొకటి ట్యాగుల చెట్టు, అంటే జిల్లా కింద ఊరు, ఊరి కింద ఫోటోలు అన్నట్టు గుర్తులు పెట్టుకోవడం. 2022లో జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది, సూళ్ళూరుపేట నెల్లూరు నుంచి తిరుపతికి పోయింది. మా పెళ్ళిళ్ళ ఫోటోలు కందుకూరువి, నేలపట్టు కొంగల ఫోటోలు సూళ్ళూరుపేట వైపువి. ఊరి ట్యాగును పట్టుకుని కొత్త జిల్లా కింద వేస్తే దాని కింది ఫోటోలన్నీ కదిలాయి. తర్వాత మెయింటెనెన్స్‌లో మెటాడేటా సింక్ నడిపితే ఫైళ్ళలోనూ సరిపోయింది.

మిగతా సాఫ్ట్‌వేర్లలో డార్క్‌టేబుల్ రా ఫోటోలు దిద్దడానికి గొప్పది, ముఖాలు గుర్తించదు. ఫాస్ట్‌స్టోన్ చకచకా చూసుకోవడానికి బాగుంటుంది, అంతవరకే. విండోస్‌తో వచ్చే ఫోటోస్ గురించి చెప్పేదేమీ లేదు.

ఇంకా పికాసాలోనే ఉన్నవాళ్ళు కంప్యూటర్‌ను ఎవరి చేతికైనా ఇచ్చే ముందు ఈ పని చేయండి. టూల్స్, ఆప్షన్స్‌లో నేమ్ ట్యాగ్స్ అనే చోట పేర్లను ఫోటోలో దాచమనే టిక్ ఉంటుంది, అది పెట్టండి. పాత ఫోటోల కోసం టూల్స్‌లోనే ఎక్స్‌పెరిమెంటల్ కింద ముఖాలను ఎక్స్ఎంపీలోకి రాయమనేది నొక్కండి. ఆ తర్వాత డిజీక్యామ్‌లోకి తెస్తే పేర్లు వాటంతట అవే వస్తాయి. ముందుగా ఫోటోలన్నింటినీ ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోవడం మరవకండి. పేర్లు రాసిన ఫోటోను వాట్సాప్‌లో పంపితే ఆ వివరాలన్నీ ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి.

1974 ఫోటోలో ముప్ఫై ఒక్క ముఖాలున్నాయి. మిగతా ఫోటోల క్యాప్షన్ల సాయంతో, అమ్మను అడిగి పంతొమ్మిదింటికి మళ్ళీ పేర్లు పెట్టాను. కందుకూరులో మావయ్యకు ఎనభై ఒకటి. వచ్చే ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని ఆయన దగ్గరికి వెళ్తున్నాను.