రాణివాసం అద్దెకు దొరికే చోటు

విశాఖపట్నంలో చారిత్రక నవలలు, అందులోనూ రాజాస్థానాలలోని స్త్రీల జీవితాన్ని చెప్పే నవలలు చదవాలనుకునేవారికి ద్వారకానగర్ వెనక వీధిలో ఒక మేడ మీద నడుస్తున్న అద్దె గ్రంథాలయాన్ని నేను సూచిస్తాను. ఇలాంటి గ్రంథాలయాలు ఒకప్పుడు నగరంలో ప్రతి పేటలోనూ ఉండేవి. వారపత్రికలలో వచ్చిన సీరియళ్లను చించి, వరుసగా పేర్చి, అట్ట వేసి కుట్టించి అద్దెకిచ్చే ఆ అలవాటు ఈ దుకాణంలో ఇంకా కనిపిస్తుంది. అయితే నేను దీని గురించి రాయడానికి కారణం ఆ పాతదనం కాదు. ఎడమవైపు గోడకు ఆనించిన ఒకే ఒక బీరువాలో ఆవిడ, అంటే దుకాణం నడిపే పెద్దావిడ, రాణివాసపు కథలన్నిటినీ ఒకచోట చేర్చి, వాటి మధ్య వాటికి ఆధారమైన కావ్యాలను, శాసనాల సంపుటాలను, విదేశీ యాత్రికుల రచనల అనువాదాలను కూడా ఉంచారు. ఈ ఏర్పాటు వల్ల పాఠకుడికి దొరికేది మరెక్కడా దొరకదు: నవలాకారులలో ఎవరు అంతఃపురంలోకి నిజంగా అడుగుపెట్టారో, ఎవరు గుమ్మం దగ్గరే నిలబడి ఊహించుకున్నారో పోల్చి చూసుకునే వీలు.

షరతులు మామూలువే. చేరేటప్పుడు డిపాజిట్టు కట్టాలి, మానేటప్పుడు అది తిరిగి ఇస్తారు. వారం అద్దె పుస్తకం ధరలో పదో వంతు, గడువు దాటితే రోజుకు కొంత అదనం. శాసన సంపుటాలను ఇంటికివ్వరు, అక్కడే కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని చూసుకోవాలి.

ఇక ఆ బీరువా విషయానికి వస్తాను. అందులో సగానికి పైగా విజయనగర సామ్రాజ్యానికి సంబంధించినవే. వాటిలోనూ ఎక్కువ భాగం శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కకముందే ఒక గణికను ప్రేమించాడనీ, రాజయ్యాక ఆమెను పెళ్లాడాడనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన నాలుగు మాటలను పట్టుకుని నాలుగు వందల పేజీలకు సాగదీసినవి. ఆ గణిక చిన్నాదేవి అద్దం ముందు కూర్చుంటుంది, మరో రాణి తిరుమలదేవి అసూయపడుతుంది, ఒక దాసి పాలలో ఏదో కలుపుతుంది. వీటిని వరుసగా చదివితే అంతఃపురమంటే స్నానఘట్టం, పూలపాన్పు, విషపాత్ర తప్ప మరేమీ లేని చోటనిపిస్తుంది. కానీ అదే నూనిజ్, 1535 ప్రాంతంలో రాస్తూ, ఆ నగరులో కుస్తీ పట్టే స్త్రీలు, జ్యోతిషం చెప్పే స్త్రీలు ఉండేవారనీ, వాకిళ్ల లోపల జరిగే ఖర్చుల లెక్కలన్నీ రాసే స్త్రీలు, రాజ్య వ్యవహారాలను రాసి తమ పుస్తకాలను బయటి రాయసగాళ్ల పుస్తకాలతో సరిచూసుకునే స్త్రీలు కూడా ఉండేవారనీ చెప్పాడు. ఈ చివరి వాక్యం ఏ నవలాకారుడికైనా పెన్నిధి వంటిది. లోపలి లెక్కకూ బయటి లెక్కకూ తేడా వచ్చిన రోజున ఏం జరిగి ఉంటుంది? ఏ మంత్రి ఎవరిని పిలిపించి ఉంటాడు? ఆ లెక్కలు రాసిన ఆమెకు చదువు ఎవరు చెప్పారు, జీతం ఏ రూపంలో ముట్టింది? నేను ఆ బీరువాలో చూసినంత మేరకు ఈ ప్రశ్నల చుట్టూ కథ అల్లినది ఒక్కటే ఉంది. అది కూడా పాత సీరియల్ కుట్టు పుస్తకం. అట్ట మీద పేరు చెరిగిపోయింది, రచయిత ఎవరో దుకాణంలోనూ తెలియదు. అందులో కథానాయిక రాణి కాదు, వంటశాల దినుసుల చిట్టా రాసే ఒక నడివయసు స్త్రీ. నెయ్యి కొలతలో తేడాను పట్టుకున్నందుకు ఆమె ప్రాణం మీదికి వస్తుంది. ఆ నవల కోసమైనా ఈ దుకాణంలో చేరవచ్చునని నా అభిప్రాయం.

మహర్నవమి ఉత్సవాల వర్ణన ఈ నవలలన్నిటిలోనూ తప్పనిసరిగా వస్తుంది. దానికి మూలం 1520 ప్రాంతంలో ఆ ఉత్సవాన్ని కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ రచన. ఉత్సవంలో నడిచిన అంతఃపుర స్త్రీలలో చాలామంది తమ నగల బరువు మోయలేకపోయారనీ, పక్కన నడిచేవారు చేతులు పట్టుకుని ఆసరా ఇచ్చారనీ అతను రాశాడు. నవలాకారులు నగలను మాత్రం ఒక్కటి కూడా వదలకుండా దించారు. ఆసరా ఇచ్చిన చేతులు ఎవరివో ఒక్కరూ అడగలేదు. పేస్ అనువాదం అదే అరలో చేతికి అందే దూరంలో ఉండడం వల్ల ఈ లోపం వెంటనే కంటపడుతుంది. వేరే ఎక్కడ చదివినా ఆ వర్ణనలకు మురిసిపోయి పుస్తకం మూసేసేవాళ్లం.

కాకతీయుల మీద ఉన్నవాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రుద్రమదేవి మగవేషం ఎప్పుడు బయటపడుతుందన్న ఒక్క ఉత్కంఠ మీదే అవన్నీ నడుస్తాయి. అసలు ఆమె పాలకురాలిగా చేసిన పని, కాయస్థ అంబదేవుడి తిరుగుబాటు, 1289 నాటి చందుపట్ల శాసనం సూచించే ఆమె మరణం, ఇవన్నీ చివరి రెండు అధ్యాయాలలో గబగబా ముగిసిపోతాయి. రుద్రమ సోదరి గణపాంబ కోట వంశంలోకి కోడలుగా వెళ్లి, భర్త బేతరాజు పోయాక ధరణికోట ప్రాంతాన్ని తానే ఏలింది. ఒక తండ్రికి పుట్టిన ఇద్దరు కూతుళ్లు రెండు చోట్ల రాజ్యం చేసిన ఈ సంగతి ఎవరికీ కథావస్తువుగా తోచకపోవడం ఆశ్చర్యం. వీటిలో ఒకదానిలో ఓరుగల్లు కోట వంటశాలలో మిరపకాయలు నూరుతారు. పదమూడో శతాబ్దంలో మన దేశానికి మిరపకాయ రాలేదు. దాన్ని పోర్చుగీసువారు తెచ్చింది ఆ తరువాత ఎప్పటికో. నాకంటే ముందు ఆ పుస్తకం తీసుకున్న పాఠకులెవరో ఆ పేజీ అంచున పెన్సిలుతో ‘మిరియాలు అనండి చాలు’ అని రాసిపెట్టారు. ఈ దుకాణపు పుస్తకాలలో ఇటువంటి అంచు రాతలు చాలా కనిపిస్తాయి. సాధారణంగా పుస్తకాల మీద గీతలంటే నాకు గిట్టదు గానీ, ఇక్కడ వాటిని చెరపకుండా ఉంచడం మంచి నిర్ణయమే.

తంజావూరు అరకు వచ్చేసరికి బీరువా స్థాయి ఒక్కసారిగా పెరుగుతుంది. ఇక్కడ నవలలు తక్కువ, ఆస్థాన స్త్రీలు స్వయంగా రాసినవి ఎక్కువ. రఘునాథనాయకుడి కొలువులోని రామభద్రాంబ తన ప్రభువు మీద సంస్కృతంలో కావ్యం చెప్పింది. విజయరాఘవనాయకుడి కొలువులో పసుపులేటి రంగాజమ్మ, తన ప్రభువు కాంతిమతి అనే మరొక స్త్రీని వలచిన కథనే యక్షగానంగా రాసింది. ఆ యక్షగానాన్ని చదివి, ఆ వెంటనే రంగాజమ్మను కథానాయికగా పెట్టి ఈ కాలంలో రాసిన నవలను చదివాను. నవలలో ఆమె మూడు వందల పేజీల పొడుగునా కన్నీరు కారుస్తుంది. యక్షగానంలో మాత్రం ఆ రచయిత్రి ఎంత నిబ్బరంగా, ఎంత చమత్కారంగా తన ప్రభువు విరహాన్ని నడిపించిందో చూస్తే, నవలాకారుడు ఆ పుస్తకాన్ని తెరిచి చూశాడా అన్న అనుమానం కలుగుతుంది. ఆ తరువాతి కాలంలో, మరాఠా ప్రభువు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం కూడా ఇదే అరలో ఉంది. ఆ కావ్యంలో ఆమె తన నాయనమ్మ తంజనాయకి మొదలైనవారిని గర్వంగా పేర్కొంది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని సరైన పాఠంతో వావిళ్ల వారి ద్వారా ప్రచురింపజేస్తే, ఆనాటి ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. ఈ పుస్తకాన్ని అడిగితే ఇతర దుకాణాలలో ఎదురయ్యే వంకరనవ్వు ఇక్కడ ఎదురుకాదు. ఆవిడ ఏ వయసువారికైనా దాన్ని మామూలుగా తీసి ఇస్తారు. పైగా ‘ముందు పీఠిక చదవండమ్మా’ అని చెప్పి మరీ ఇస్తారు.

ఉత్తరాంధ్ర విషయంలోనే నాకు అసంతృప్తి మిగిలింది. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం మీద నవలలు, నాటకాలు, బుర్రకథల పుస్తకాలు ఒక వరుస నిండా ఉన్నాయి. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు కోట కూలబోతుందని తేలాక లోపలి స్త్రీలను, పిల్లలను తమవాళ్లే చంపేశారన్న సంగతిని ఇవన్నీ పౌరుషంగా వర్ణించి, బొబ్బిలి రాణి మల్లమ్మ చేత ఒక వీరోచిత సంభాషణ పలికించి ముగిస్తాయి. తంజావూరులో 1673లో విజయరాఘవనాయకుడు ఓడిపోతూ అంతఃపురాన్ని మందుగుండుతో పేల్పించాడన్న కథనాన్ని నవలలు వాడుకున్న తీరు కూడా ఇదే. ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ స్త్రీలను ఎవరైనా అడిగారా, అడిగి ఉంటే వాళ్లు ఏమని ఉంటారు అన్నది ఊహించడానికే కదా కల్పన ఉన్నది! చరిత్రకారుడికి ఆ స్వేచ్ఛ లేదు, నవలాకారుడికి ఉంది. ఉండి కూడా వాడుకోకపోతే చరిత్రగ్రంథమే చదువుకోవచ్చు.

విజయనగరం సంస్థానం మీద అయితే ఈ బీరువాలో రాజుల దానధర్మాల పుస్తకాలే తప్ప స్త్రీల కథ ఒక్కటీ కనిపించలేదు. 1897లో ఆనంద గజపతి మరణించాక గురజాడ అప్పారావుగారు ఆయన సోదరి రీవా మహారాణి అప్పలకొండయాంబ వద్ద కార్యదర్శిగా పనిచేశారు. ఒక మహారాణి, ఆమె ఉత్తరాలు, చుట్టూ వారసత్వపు వ్యాజ్యాలు, ఎదుట కూర్చుని రాసే కన్యాశుల్కం రచయిత! ఇంతకన్నా మంచి నవలకు ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది? ఇది దుకాణం లోపం కాదు, మన రచయితల లోపం. కానీ సింహాచలం శాసనాలకు సంబంధించిన పుస్తకం బీరువాలో ఉండి కూడా విజయనగర నవలలకు దూరంగా, అడుగు అరలో స్థలపురాణాల మధ్య పడి ఉండడం మాత్రం దుకాణం లోపమే. 1516లో కృష్ణదేవరాయలు చిన్నాదేవి, తిరుమలదేవులతో కలిసి ఈ కొండ ఎక్కి, 991 ముత్యాల హారంతో పాటు నగలు సమర్పించినట్లు, రాణులు కూడా పతకాలు ఇచ్చినట్లు ఆ శాసనం చెబుతుంది. నవలల్లో ఒకరినొకరు చంపుకోవడానికి పథకాలు వేసే ఇద్దరు సవతులు, మన ఊరి శాసనంలో పక్కపక్కనే నిలబడి దేవుడికి కానుకలిస్తున్నారు. ఆ పుస్తకాన్ని పై అరలోకి మార్చమని చెప్పాను; ఆవిడ నవ్వి, పై అర మీకు అందుతుందా అన్నారు.

సేవ విషయంలో లోపాలు లేకపోలేదు. సముద్రపు గాలికి పాత పుస్తకాల పిన్నులు తుప్పుపట్టి, తాకితే పేజీలు ఊడివస్తున్నాయి. కలరా ఉండల వాసన ఇంటికి తెచ్చాక కూడా పోదు. పేజీలు తగ్గిన పుస్తకాలను ముందుగా చెప్పకుండా అద్దెకివ్వడం నాకు మరీ కష్టం కలిగించింది. వంటశాల చిట్టా నవల ముగింపుకు ముందు ఒక అధ్యాయం మొత్తం లేదు, అద్దె మాత్రం పూర్తిగా పట్టుకున్నారు. అట్ట లోపల ‘పేజీలు తక్కువ’ అని ఒక చీటీ అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. జాబితా చేతిరాత పుస్తకంలోనే ఉంది. వాట్సాప్‌లో పంపమంటే ఆ పేజీల ఫోటోలు తీసి పంపుతారు గానీ, సగం మసకగా ఉంటాయి. పైగా అందులో రంగాజమ్మ నవల నుంచి బొబ్బిలి కథ వరకు అన్నిటికీ ఎదురుగా ‘ప్రేమ’ అనే రాసి ఉంది. ఇంటికి తెచ్చిచ్చే ఏర్పాటు ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, అక్కయ్యపాలెం వైపు వరకే. గాజువాకలో ఉండేవారు స్వయంగా రావలసిందే. వచ్చినా ఇబ్బంది లేదు, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచే దూరమే. మేడ మెట్లు మాత్రం నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మోకాళ్ల నొప్పులున్నవారు కింద నుంచి ఫోన్ చేస్తే పుస్తకం కిందికే పంపుతారు.

కాలక్షేపానికి ఒక నవల చాలనుకునేవారికి ఈ దుకాణం అంత అవసరం కాదు. అటువంటివి పాత పుస్తకాల బండి మీద ఇంతకంటే చవకగా దొరుకుతాయి. నవలను, దాని ఆధారాన్ని పక్కపక్కన పెట్టుకుని చదివే ఓపిక ఉన్నవారు మాత్రం ముందుగా పేస్, నూనిజ్‌ల అనువాదం తీసుకుని, ఆ తరువాత పేరు చెరిగిన ఆ కుట్టు పుస్తకాన్ని అడగండి. అది నీలం అట్టతో, రెండో అరలో కుడి చివర ఉంటుంది. నేను తిరిగి ఇచ్చేశాను.