కప్ప అండాల్లో యాంటీసెన్స్ ఆలిగోలు: ఎనిమిదేళ్లు వాడాక చెప్తున్నా

జెనోపస్ కప్పల అండకణాల్లోకి యాంటీసెన్స్ ఆలిగోలు, అంటే ఒక జన్యువు సందేశానికి జతపడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, ఇంజెక్ట్ చేయడం మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది. ఈ పద్ధతి అంటే నాకు చాలా ఇష్టం, అది ముందే చెప్పేస్తున్నా. కానీ చాలా ఓపిక కావాలి, ఆ సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు.

కప్ప గుడ్డు ఫలదీకరణ అయ్యాక దాదాపు 12 విభజనల వరకు, అంటే సుమారు 4,000 కణాలయ్యే దాకా, పిండం తన సొంత జన్యువుల్ని పెద్దగా వాడదు. తల్లి అండంలో దాచిపెట్టిన ఎంఆర్‌ఎన్‌ఏలు (ప్రోటీన్ తయారీకి జన్యువు పంపే సందేశాలు), ప్రోటీన్లతోనే నడుస్తుంది. ఆ నిల్వలోంచి ఒక్క ఎంఆర్‌ఎన్‌ఏని మాత్రం తీసేయాలంటే, దానికి జతపడేలా 18 అక్షరాల చిన్న డీఎన్‌ఏ ముక్క తయారుచేయించి ఎక్కిస్తాం. అది వెళ్లి ఆర్‌ఎన్‌ఏకి అతుక్కోగానే కణంలో ముందునుంచే ఉన్న ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్ అనే ఎంజైమ్ ఆ ఆర్‌ఎన్‌ఏని కోసేస్తుంది. తెగిన ముక్కల్ని కణమే అరగదీసుకుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాత జరిగేది, ఆలిగో కూడా అరిగిపోవడం. పూర్తిగా మామూలు డీఎన్‌ఏ అయితే పని కాకముందే పోతుంది, పొడవునా ఫాస్ఫోరోథయోయేట్ (ఎంజైములు సులువుగా కోయలేని గంధకపు బంధం) చేయిస్తే నిలబడుతుంది గానీ అండానికి విషంలా తగులుతుంది, అందుకే రెండు చివర్లా కొన్ని బంధాలు మాత్రం ఫాస్ఫోరోథయోయేట్ పెట్టించి మధ్య భాగాన్ని మామూలుగా వదిలేస్తాం. ఇలా చేస్తే ఒకట్రెండు రోజుల్లో లక్ష్యంగా పెట్టుకున్న ఆర్‌ఎన్‌ఏ పోతుంది, ఆలిగో కూడా చాలావరకు పోతుంది. అప్పుడు అదే ఎంఆర్‌ఎన్‌ఏని ట్యూబులో తయారుచేసి తిరిగి ఎక్కిస్తే అది నిలుస్తుంది. దాంతో పిండం మళ్లీ మామూలుగా పెరిగితేనే నేను ఫలితాన్ని నమ్ముతాను. ఈ రెస్క్యూ లేకుండా చూపించే బొమ్మలు ఎంత అందంగా ఉన్నా సరే, నాకు నమ్మకం కలగదు.

ఏ ఆలిగో పనిచేస్తుందో సాఫ్ట్‌వేర్ చూసి చెప్పలేం, ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ మడతపడి ఉందో ఎక్కడ తెరుచుకుని ఉందో కణంలోనే తేలాలి. ఒక్కో జన్యువుకి ఐదారు తెప్పించి, ఎక్కించి, ఆర్‌ఎన్‌ఏ ఎంత మిగిలిందో కొలిచే ఆర్‌టీ-పీసీఆర్‌లో, మారకుండా ఉండే ఓడీసీ అనే జన్యువుతో పోల్చి చూస్తాను. సాధారణంగా ఒకటో రెండో నికరంగా పనిచేస్తాయి. డోసు కొన్ని నానోగ్రాములు దాటించకండి. దాటితే మీరు చూసేది జన్యువు లేకపోవడం వల్ల వచ్చిన లక్షణమా, ఆలిగో విషమా అన్నది తేల్చుకోలేరు. హెచ్‌పీఎల్‌సీతో శుద్ధి చేసినవే కొనండి.

ఇక అసలు కష్టం. అండాశయంలోంచి తీసిన అండకణానికి ఫలదీకరణ జరగదు, దాన్ని అండంగా మార్చి, జెల్లీ పొర పట్టించాలి. అందుకోసం ఇంకో ఆడకప్ప కడుపులోకి మార్చాలి. ముందు ఒక్కో అండకణం చుట్టూ ఉన్న ఫాలికిల్ పొరని సన్నటి ఫోర్సెప్స్‌తో చేత్తోనే ఒలవాలి. అండకణం ఒకటింపావు మిల్లీమీటరు ఉంటుంది. త్వరగా అయిపోతుందని మొదటి ఏడాది ఆ పొరని కరిగించే కొలాజినేజ్ ఎంజైమ్ వాడాను, అండకణాలు చూడ్డానికి బాగానే ఉండేవి, కానీ గుడ్లుగా బయటికొచ్చాక ఫలదీకరణ దాదాపు సున్నా. ఎన్నో వారాలు ఆలిగోనే తప్పు పట్టాను. చేత్తో ఒలవడం మొదలుపెట్టాకే దారిలో పడింది. సూది నల్లటి సగంలో గుచ్చకండి, కేంద్రకం అక్కడే ఉంటుంది, నడుం దగ్గరో తెల్లటి వైపో గుచ్చండి. తర్వాత 18 డిగ్రీల దగ్గర ఒకట్రెండు రోజులు ఉంచి, రాత్రికి అండకణాల్ని పక్వం చేసే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పెట్టి, పొద్దున న్యూట్రల్ రెడ్, నైల్ బ్లూ, బిస్మార్క్ బ్రౌన్ లాంటి రంగులతో ఒక్కో గుంపుకి ఒక్కో రంగు అద్ది, హార్మోన్ ఇచ్చి గుడ్లు పెడుతున్న ఆడకప్పకి మత్తిచ్చి కడుపులోకి మారుస్తాం. కొన్ని గంటలకి ఆమె సొంత గుడ్లతోపాటు మన రంగు గుడ్లు కూడా బయటికొస్తాయి. ఆ మొదటి ఎర్ర గుడ్డు కనబడినప్పటి సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. ఆలిగో ఎక్కించని గుంపు ఒకటి అదే రోజు, అదే కప్పలో తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఈ ప్రయాణమంతా పడినందుకే కొన్ని పిండాలు వంకరగా పెరుగుతాయి.

మార్ఫోలినోలు (ఇంకో రకం కృత్రిమ ఆలిగోలు) ఉన్నాయిగా అని చాలామంది అడుగుతారు. అవి ఆర్‌ఎన్‌ఏని చంపవు, అనువాదాన్ని, అంటే దాన్నుంచి ప్రోటీన్ తయారవడాన్ని, మాత్రం ఆపుతాయి, వాడటమూ సులువే. కానీ ఈ తేడా చిన్నది కాదు. వెజ్‌టీ అనే జన్యువు ఆర్‌ఎన్‌ఏని ఆలిగోతో పోగొడితే అండం అడుగు అంచున ఉండే సైటోకెరటిన్ అనే ప్రోటీన్ పోగుల వల చెదిరిపోయింది, అదే అనువాదాన్ని మాత్రం ఆపితే చెదరలేదు. అంటే ఆ ఆర్‌ఎన్‌ఏ సందేశం మోయడమే కాదు, కట్టడానికి ఆధారంగా కూడా ఉంది. క్రిస్పర్ కూడా ఇక్కడ సాయపడదు, గుడ్డులో జన్యువుని కోసినా తల్లి ముందే దాచిన ఆర్‌ఎన్‌ఏ అలాగే ఉంటుంది.

ఒక్క పెద్ద లోటుంది. ప్రోటీన్ ముందే తయారై నిల్వ ఉంటే ఆర్‌ఎన్‌ఏ పోయినా ఏమీ కనబడదు. అలాంటి జన్యువు మీద నేను ఏడాదిన్నర పోగొట్టుకున్నాను. ఇప్పుడైతే ముందు వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్ ఉందో లేదో తేల్చే పరీక్ష) చేసి చూస్తాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మీ సొంత జన్యువు జోలికి వెళ్లకముందు బీటా-కాటెనిన్ అనే జన్యువుతో చేసి చూడండి. 1994లో జానెట్ హీస్మన్, క్రిస్ వైలీల బృందం చూపించింది అదే, అది పోతే పిండానికి వీపు వైపు అక్షమే ఏర్పడదు, తల ఉండదు. ఆ పిండాన్ని పొరపాటుగా చదవలేరు. మీ చేతుల్లో అది వచ్చి, బీటా-కాటెనిన్ ఎంఆర్‌ఎన్‌ఏ తిరిగి ఎక్కిస్తే తల మళ్లీ వచ్చిందంటే అప్పుడు మీ జన్యువుకి ఆలిగోలు ఆర్డర్ చేయండి.