ఎనిమిది వేసవులు, రెండు గేటు మోటార్లు

మాది ఐదు మీటర్ల ఇనుప స్లైడింగ్ గేటు. బరువు నాలుగు వందల కిలోల పైమాటే. పొద్దున పదకొండు మొదలు సాయంత్రం దాకా ఎండంతా దాని మొహం మీదే. ఎనిమిదేళ్ల కింద దానికి 230 వోల్టుల ఏసీ మోటారు పెట్టించాను, అది ఐదేళ్లు నడిచింది. ఇప్పుడున్నది 24 వోల్టుల డీసీ మోటారు, దీనికి మూడేళ్లు. కొనేముందు నేను చదివిన సమీక్షలన్నీ బిగించిన వారానికే రాసినవి. వారం రోజులు ఏ మోటారైనా బాగానే తిరుగుతుంది. దాని అసలు సంగతి మూడో వేసవిలో బయటపడుతుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. వేడికి మోటారు చావలేదు. దాని చుట్టూ ఉన్నవే ఒక్కొక్కటిగా పోయాయి: కండెన్సరు, చక్రాలు, బ్యాటరీ, చివరికి గేటు తిన్నదనం కూడా. నింద మాత్రం ప్రతిసారీ మోటారు మీదే పడింది. నేనూ వేశాను.

మూడో వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి బయట కారు ఆపి రిమోట్ నొక్కాను. లోపల్నుంచి ఊఁ అని ఒకటే మూలుగు, గేటు అంగుళం కదల్లేదు. మళ్లీ నొక్కాను, అదే మూలుగు. నాలుగోసారికి మూలుగు కూడా ఆగిపోయింది. సాయంత్రం ఆరింటికి నొక్కితే, కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, కదిలింది. పిలిచిన మెకానిక్ కవరైనా తీయకుండా "కాయిల్ కాలిపోయింది సార్, మోటారు మార్చాల్సిందే" అన్నాడు.

కాలిపోయిన కాయిల్ సాయంత్రానికి ఎలా బాగుపడుతుంది? ఆ అనుమానంతో అతన్ని పంపించేసి, మర్నాడు మా ఇంటి వైరింగు చేసిన పెద్దాయన్ని పిలిచాను. ఆయన మెయిను ఆపించి, కీతో గేరు విడిపించి, అంటే గేటునూ మోటారునూ వేరు చేసి, మళ్లీ మెయిను వేసి రిమోట్ నొక్కమన్నాడు. గేటు బరువు లేకపోయేసరికి మోటారు హాయిగా తిరిగింది. "కాయిల్ రాయిలా ఉంది బాబూ, కండెన్సరే నీరసించింది" అన్నాడు. మెయిను మళ్లీ ఆపి, కండెన్సరులో మిగిలిన చార్జి తీసేసి మీటరు పెట్టాడు. ఒంటి మీద 12.5 మైక్రోఫారడ్లని రాసుకున్న ఆ డబ్బా 8 కూడా చూపించలేదు.

సింగిల్ ఫేజ్ మోటారుకు తనంతట తాను తిరగడం మొదలుపెట్టే శక్తి ఉండదు. రెండో వైండింగుకు కరెంటును కాస్త ముందుకు జరిపి ఇచ్చి, ఆ తోపు పుట్టించేది కండెన్సరే. వేడిలో దాని లోపలి పొర కొద్దికొద్దిగా తరిగిపోతుంది. పేలదు, ఉబ్బాలని కూడా లేదు, చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. తోపు మాత్రం తగ్గుతుంది. దాని ఒంటి మీద రాసిన ఉష్ణోగ్రత అంకెను అప్పటిదాకా నేనెప్పుడూ చూడలేదు. పాతది 70 డిగ్రీలది. అదే మైక్రోఫారడ్లతో, 450 వోల్టులు, 85 డిగ్రీలది తెచ్చి వేయించాను. ఆ తర్వాత రెండేళ్లకోసారి, పోయినా పోకపోయినా, మార్చేశాను. నాకు తెలిసి గేటు మోటారుకు చేయగలిగిన అతి చిన్న వైద్యం ఇదే.

ఇక ఆ మూలుగు కూడా ఆగిపోవడం ఏమిటంటే, వైండింగులో దాచిన థర్మల్ కటౌట్ పని చేయడం. కాయిల్ మాడకుండా కరెంటు కోసేస్తుంది, చల్లారాక తనే మళ్లీ కలుపుతుంది. అందుకే "మోటారు చచ్చింది కదా" అని మెయిను ఆపకుండా పళ్ల దగ్గర చెయ్యి పెట్టకూడదు. ఏ క్షణాన లేస్తుందో తెలియదు.

కటౌట్ పడటానికి కండెన్సరే పోనక్కర్లేదు. మా మొదటి మోటారు పేరు పలక మీద ఎస్3, 30 శాతం అని ఉండేది. పది నిమిషాల్లో మూడు నిమిషాలే పని, మిగతా ఏడు నిమిషాలు విశ్రాంతి అని దానర్థం. మా గేటు తెరుచుకోవడానికి అర నిమిషం, మూసుకోవడానికి అర నిమిషం. అంటే పది నిమిషాల్లో మూడుసార్లు తెరిచి మూస్తే కోటా అయిపోయినట్టే. చుట్టాలొచ్చిన రోజు ఒక్కో కారుకీ ఒక్కోసారి తెరిచి మూశాం, ఐదో కారు బయటే నిలబడిపోయింది. తెరిచి ఉంచేస్తే సరిపోయేది.

ఆ మోటారు చివరికి ఎలా పోయిందంటే, నా చేతుల మీదుగానే పోయింది. గేటు కింద చక్రాలు అరిగాయి. అరిగినకొద్దీ గేటు కిందికి దిగింది. గేటుతోపాటు దానికి బిగించిన పళ్ల పట్టీ కూడా దిగి, కింద తిరిగే పినియన్ మీద, అంటే మోటారు పళ్ల చక్రం మీద, కూర్చుంది. బిగించేటప్పుడు పట్టీకీ పినియన్‌కీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు వదలాలి. గేటు బరువు మోయాల్సింది చక్రాలు, పినియన్ పని తోయడం వరకే. మా గేటు విషయంలో ఆ సందు ఎప్పుడు పూడిపోయిందో నేను చూసుకోలేదు. ఏడాదిపాటు మోటారు గేటును తోస్తూ, మోస్తూ వచ్చింది. గర్ గర్ మని చప్పుడొస్తే గ్రీజు పెట్టాను. పట్టీకి గ్రీజు పెడితే దుమ్ము పట్టి ఉప్పుకాగితంలా తయారవుతుందని అప్పుడు తెలియదు. ఒకరోజు లోపలి కంచు గేరు పళ్లు లేచిపోయాయి. విప్పి చూస్తే అడుగున నూనెలో బంగారు రజనులాంటి పొడి. ఆ గేరు విడిగా దొరకలేదు. కాయిల్ మాత్రం ఆ రోజుకీ రాయిలాగే ఉంది.

రెండోది డీసీ. నెమ్మదిగా బయల్దేరుతుంది, నెమ్మదిగా ఆగుతుంది, చప్పుడు సగానికి సగం. కొత్తలో మురిసిపోయాను. మొదటి మే నెలలోనే మురిపెం తీరింది. రోజూ మధ్యాహ్నం పన్నెండు దాటాక గేటు సగం దాకా వచ్చి, ఏదో అడ్డం తగిలినట్టు వెనక్కి పోయేది. పొద్దున, రాత్రి ఏ పేచీ లేదు. బిగించినవాళ్లు వచ్చి "ఫోర్స్ పెంచితే సరిపోతుంది" అని, మోటారును నడిపే సర్క్యూట్ బోర్డు మీద తోపు హద్దు పెట్టే స్క్రూ తిప్పబోయారు. వద్దన్నాను. అడ్డం తగిలితే వెనక్కి పోవడమన్నది పిల్లల చేతులు నలగకుండా పెట్టిన ఏర్పాటు. యూరప్ వాళ్ల ఈఎన్ 12453 ప్రమాణం ప్రకారం, మూసుకోబోయే ఇరుకు సందులో గేటు దెబ్బ క్షణకాలమైనా 400 న్యూటన్లు దాటకూడదు, అంటే సుమారు 40 కిలోల బరువు మోపినంత. గేటు ఎక్కడ పట్టేస్తోందో చూడకుండా ఫోర్స్ పెంచడమంటే, జ్వరానికి కారణం వెతకకుండా థర్మామీటరు విరిచేయడమే.

ఆ ఆదివారం ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి కట్టాను. పొద్దున ఆరింటికి దారం గేటును ఆనుకుని ఉంది. ఒంటిగంటకు చూస్తే గేటు నడుం దగ్గర బయటికి ఉబ్బి, వేలు మందాన వంపు తేలింది. నేననుకున్నది గేటు పొడవు పెరిగిందని. లెక్క వేస్తే ఐదు మీటర్ల ఇనుము 40 డిగ్రీలు వేడెక్కినా పెరిగేది రెండున్నర మిల్లీమీటర్ల లోపే, దానితో పెద్ద చిక్కు లేదు. అసలు చిక్కు, ఎండ వైపు రేకు కాలిపోతూ, నీడ వైపు చట్రం చల్లగా ఉండటం. ఒక వైపు సాగి, రెండో వైపు సాగకపోతే గేటు విల్లులా వంగుతుంది. వంగిన గేటు, అది పక్కకు ఒరగకుండా పైన పట్టి ఉంచే గైడ్ రోలర్ల మధ్య ఇరుక్కుంటుంది. పాత ఏసీ మోటారు హయాంలోనూ ఇలాగే వంగి ఉంటుంది, కాకపోతే అది మాటా పలుకూ లేకుండా మొరటుగా తోసుకుపోయింది. కొత్తది నోరు తెరిచి చెప్పింది.

విరుగుడు పావుగంట పని. పొద్దున కాదు, ఒంటిగంటకు, గేటు పూర్తిగా వంగి ఉన్నప్పుడు, గైడ్ రోలర్ల బోల్టులు వదులు చేసి రెండు వైపులా కొన్ని మిల్లీమీటర్లు జరిపి బిగించాం. పొద్దున కాస్త లొటలొటలాడుతుంది, ఆడనీ. ఫోర్స్ స్క్రూ పాత గుర్తు దగ్గరే ఉంది. అప్పట్నుంచి నాకొక అలవాటు: మోటారు మీద ఏ ఫిర్యాదు వచ్చినా ముందు కీతో గేరు విడిపించి, గేటును ఒంటి చేత్తో తోసి చూస్తాను. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. చేతికి బరువుగా తగిలిందంటే మోటారు జోలికి పోను.

బ్యాటరీ గురించి అమ్మేవాళ్లు ఒక్క మాటే చెబుతారు: కరెంటు పోయినా గేటు తెరుచుకుంటుంది. నిజమే. ఎన్నాళ్లు తెరుచుకుంటుందన్నది ఎవరూ చెప్పరు. సీల్డు లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు హాయి, ఆపైన సుమారుగా పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయుష్షు సగమవుతుంది. పైగా వేడిలో చార్జింగు వోల్టేజీ తగ్గించాలి. మామూలు చార్జరు ఆ సంగతి పట్టించుకోకుండా చలికాలంలో ఇచ్చిందే వేసవిలోనూ ఇస్తుంది. మా రెండు 12 వోల్టుల బ్యాటరీలు మోటారు కవరు లోపలే, బోర్డు పక్కనే ఉండేవి. రెండో వేసవి దాటేసరికి పక్కలు ఉబ్బి, వాటి గూట్లోంచి బయటికి రాలేదు. ప్లాస్టిక్ గూడు కోసి తీయాల్సివచ్చింది.

అప్పుడే ప్రోబ్ థర్మామీటరు ఒకటి కవరు లోపల పెట్టి చూశాను. ఎండ బాగా ఉన్నరోజు మూడింటికి 68 డిగ్రీలు. మోటారు కాగితాల్లో రాసిన హద్దు 55. అంటే బోర్డు, రిలేలు, చిన్న కండెన్సర్లు, అన్నీ రోజుకు నాలుగైదు గంటలు హద్దు బయటే బతుకుతున్నాయి. రేకుతో ఒక గొడుగు చేయించాను. తెల్ల రంగు, మోటారు కవరుకూ దానికీ మధ్య జానెడు ఖాళీ, పక్కలన్నీ తెరిచి. మర్నాడు అదే వేళకు 53. మొదట్లో నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి: ఎండ తగలకూడదని గోనెపట్టా చుట్టాను. లోపలి వేడి బయటికి పోయే దారి మూసేశాను, అంతే.

బ్యాటరీలనైతే పూర్తిగా అక్కడి నుంచి తీసేశాను. పది మీటర్ల దూరంలో నీడ గోడకు చిన్న డబ్బా పెట్టి, అందులో ఉంచి, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించాను. అంత దూరానికి సన్న వైరు వేస్తే 24 వోల్టుల్లో రెండు మూడు దారిలోనే కరిగిపోయి, బయల్దేరేటప్పుడు మోటారు నీరసంగా లేస్తుంది. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేయించడం మరవొద్దు. ఏడాది దాటింది, పక్కలు ఇంకా చదునుగానే ఉన్నాయి.

దారిలో ఏదైనా అడ్డం ఉంటే గేటు మూసుకోకుండా ఆపే కన్ను ఫోటోసెల్. అది తెచ్చిన తంటా ఇంకో రకం. ఏటా కొన్ని వారాలపాటు సాయంత్రం సరిగ్గా ఒక అరగంట గేటు మూసుకోనని మొరాయించేది. తుడిచాను, సాలెగూడు తీశాను, వైర్లు బిగించాను. ఒకరోజు విసుగొచ్చి దాని ఎదురుగా కూర్చుంటే అస్తమించే సూర్యుడు నేరుగా నా కళ్లలో పడ్డాడు. రిసీవరు కంట్లోనూ అలాగే పడుతున్నాడు. ఆ వెలుగులో ఎదుటి స్తంభం నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ కిరణం దానికి కనబడటం లేదు, ఏదో అడ్డం ఉందనుకుంటోంది. రిసీవరునూ ట్రాన్స్‌మిటరునూ ఒకదాని చోట ఒకటి మార్చాం. వైర్లు రెండింటికీ ఒకేలా ఉండవు, అదొక్కటి చూసుకోవాలి.

జీవాల సంగతి క్లుప్తంగా. వేసవిలో చీమలకూ బల్లులకూ గేటు మోటారంత మంచి ఇల్లు దొరకదు. బోర్డు మీద రెండు టెర్మినళ్ల మధ్య ఎండిపోయిన బల్లిని ఒకసారి పటకారుతో తీశాను, పక్కనే ఫ్యూజు ఎగిరిపోయి ఉంది. ఇంకోసారి రిలే కాళ్ల చుట్టూ చీమల పుట్ట. రెండూ వచ్చింది మోటారు కూర్చున్న దిమ్మలోంచి పైకి లేచే వైరు పైపు గుండానే. దాని నోరు సీలెంటుతో మూయించాక మళ్లీ రాలేదు. దిమ్మ కూడా నేల మట్టానికి కాకుండా ఐదారు సెంటీమీటర్లు ఎత్తుగా పోయించండి. లేదంటే ఎండలు పోయి వచ్చే మొదటి వానకే మోటారు అడుగు నీళ్లలో మునుగుతుంది.

ఏది కొనాలని అడిగితే, డీసీకే నా ఓటు. కాకపోతే బోర్డు, బ్యాటరీ మోటారు కవరులోనే ఉండాల్సిన మోడల్ అయితే మళ్లీ కొనను. బోర్డును విడి డబ్బాలో నీడకు మార్చుకునే వీలుండాలి. కరెంటు కోతలు లేనిచోట, గేటు వాడకం రోజుకు నాలుగైదు సార్లకు మించని ఇంట్లో, ఏసీ మోటారు కూడా దివ్యంగా పనిచేస్తుంది, ఏటా ఒకసారి కండెన్సరును మీటరు పెట్టి చూసుకుంటే. పక్కింటివాళ్ల రెక్కల గేటుకు హైడ్రాలిక్ ఉంది. మధ్యాహ్నానికి నూనె పల్చబడి దాని నడకే మారిపోతుంది, కడ్డీ సీలు దగ్గర ఎప్పుడూ జిడ్డు. ఎండ నేరుగా పడేచోట అది నాకు నచ్చలేదు.

గేరు విడిపించే కీ ఒకటి ఇంట్లో, ఇంకొకటి బయటి నుంచి అందేచోట పెట్టుకున్నాను. కీ పట్టే రంధ్రంలో దుమ్ము గడ్డకట్టి, అవసరమైన రోజున తిరగదు. అందుకే నెలకోసారి తిప్పి చూస్తాను.

ఇప్పటికీ అంతుపట్టనిది ఒకటుంది. ఎండ ముదిరిన రోజుల్లో గేటు మూసుకునే చివరి అడుగులో టక్కున ఒక చప్పుడు. రాత్రిపూట రాదు. పట్టీ ముక్కలు రెండు కలిసే అతుకు దగ్గర సందు మారుతోందేమోనని నా అనుమానం. వచ్చే ఆదివారం ఒంటిగంటకు గొడుగేసుకుని కూర్చుని చూడాలి.