కోర్టు మెట్లెక్కకుండానే ఉపయోగపడిన ట్రయల్ లాయరు: ఒక వైట్‌కాలర్ డిఫెన్స్ సేవపై సమీక్ష

నేను న్యూజెర్సీలో ఒక మధ్యతరహా సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఫైనాన్స్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. కొంతకాలం క్రితం మా కంపెనీ న్యాయవిభాగం నుంచి లీగల్ హోల్డ్ పేరుతో ఒక ఈమెయిల్ వచ్చింది. త్రైమాసికం ముగియబోయే రోజుల్లో కొన్ని ఇన్‌వాయిస్‌లను గడువుకు ముందే ఆదాయంగా చూపించారన్న ఫిర్యాదుపై అంతర్గత విచారణ మొదలైందని, దానికి సంబంధించిన ఏ మెయిల్‌నూ, ఏ ఫైల్‌నూ, చివరికి ఫోన్‌లోని వాట్సాప్ సందేశాలను కూడా చెరపకూడదని అందులో ఉంది. ఆ ఇన్‌వాయిస్‌లలో కొన్నిటిని పుస్తకాల్లో ఎక్కించింది మా విభాగమే. ఆ తరువాత పద్నాలుగు నెలలపాటు నా తరఫున పనిచేసిన వైట్‌కాలర్ డిఫెన్స్ లాయరు, అంటే ఆర్థిక నేరారోపణల వ్యవహారాల్లో మన పక్షాన నిలిచే లాయరు సేవ గురించి ఇక్కడ రాస్తున్నాను. విచారణ గోప్యతకు నేను కట్టుబడి ఉన్నందువల్ల ఆమె పేరు గానీ, ఆమె సంస్థ పేరు గానీ, మా కంపెనీ పేరు గానీ చెప్పడం లేదు.

విజయవాడలో ఉన్న మా బావగారికి ఫోన్‌లో విషయం చెప్పినప్పుడు ఆయన వెంటనే అన్న మాట, "నువ్వు తప్పు చేయనప్పుడు లాయరెందుకయ్యా? జరిగింది జరిగినట్టు చెప్పేసెయ్." నాకూ మొదట అదే సబబనిపించింది. పైగా కంపెనీ నియమించిన లాయర్లు నాతో ఎంతో మర్యాదగా మాట్లాడారు కాబట్టి వాళ్లు నా వాళ్లేనన్న భావన కలిగింది. ఆ భావన తప్పు. 1981లో అప్‌జాన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఉద్యోగి కంపెనీ లాయరుతో మాట్లాడిన మాటలకు గోప్యతా రక్షణ ఉంటుంది గానీ, ఆ రక్షణ కంపెనీ సొత్తు. కంపెనీ తనకు మేలనుకుంటే దాన్ని వదులుకుని, ఆ ఉద్యోగి చెప్పినదంతా ప్రభుత్వం చేతిలో పెట్టవచ్చు. అందుకే విచారణలో భాగంగా ఉద్యోగిని ప్రశ్నించే ఇంటర్వ్యూ మొదట్లో కంపెనీ లాయర్లు "మేము కంపెనీ లాయర్లం, మీ లాయర్లం కాము" అని చెప్పాలి. ఆ నాలుగు వాక్యాలను అప్‌జాన్ హెచ్చరిక అంటారు. విమానంలో సీటు బెల్టు ప్రకటన విన్నంత తేలికగా వాటిని వినేసేవాళ్లే ఎక్కువ. సొంత లాయరు లేకపోతే నేనూ అలాగే వినేసేవాడిని.

నేను ఎంచుకున్న లాయరు వృత్తి జీవితం అమెరికాలో ఈ రంగంలో తరచుగా కనిపించే దారిలోనే సాగింది. లా స్కూల్ పూర్తయ్యాక ఒక ఫెడరల్ జడ్జి దగ్గర లా క్లర్కుగా, అంటే కేసుల పరిశీలనలో జడ్జికి సహాయకురాలిగా, ఆ తరువాత తొమ్మిదేళ్లు అసిస్టెంట్ యు.ఎస్. అటార్నీగా, అంటే ప్రభుత్వం తరఫు ప్రాసిక్యూటర్‌గా పనిచేసి, అక్కడి నుంచి ప్రైవేటు ప్రాక్టీసులోకి వచ్చారు. ఈ దారిలో అందరికీ తెలిసిన పేరు మేరీ జో వైట్‌ది: 1993 నుంచి 2002 వరకు మన్‌హటన్ యు.ఎస్. అటార్నీగా ఉండి, తరువాత ప్రైవేటు సంస్థలో డిఫెన్స్ లాయరుగా చేసి, 2013లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి అధ్యక్షురాలయ్యారు. నిన్నటిదాకా నేరం మోపిన మనిషి ఈరోజు దాన్ని ఎదుర్కోవడానికి డబ్బు తీసుకోవడం ఏమిటని కొందరు బాధపడతారు. నేనూ ఆ సందేహంతోనే వెళ్లాను గానీ, మొదటి సమావేశంలోనే అది పోయింది. ప్రభుత్వ కార్యాలయంలో ఫైలు ఏ వరుసలో చదువుతారో, సాక్షిని నిందితుడిగా మార్చే కాగితం ఎలా ఉంటుందో ఆమె చెప్పిన తీరు, ఆ కుర్చీలో కూర్చుని వచ్చినవారికి తప్ప మరొకరికి సాధ్యం కాదు.

ట్రయల్ లాయరన్న మాట వినగానే మనకు జ్యూరీ ముందు వాదన గుర్తొస్తుంది. కంపెనీల లోపలి సమాచారంతో షేర్ల వ్యాపారం చేశారన్న ఆరోపణలపై 2011లో గాలియన్ ఫండ్ రాజరత్నం కేసు, మరుసటి ఏడాది రజత్ గుప్తా కేసు అలా జ్యూరీ దాకా వెళ్లినవే. రెండింటిలోనూ దోషిగా తీర్పు వచ్చింది. కానీ ఫెడరల్ క్రిమినల్ కేసుల్లో తొంభై శాతానికి పైగా కోర్టు విచారణ దాకా పోకుండా నేరాంగీకారంతోనే ముగుస్తాయి. కాబట్టి మంచి ట్రయల్ లాయరు నైపుణ్యం ఎక్కువగా ఖర్చయ్యేది కోర్టు హాలులో కాదు, అక్కడికి వెళ్లవలసిన అవసరం రాకముందు, కిటికీలు లేని ఒక కాన్ఫరెన్స్ గదిలో. నేను ఈ సేవకు చెల్లించిన డబ్బులో సింహభాగం విలువ ఆ గదిలోనే దొరికింది.

ఇంటర్వ్యూకు సిద్ధం చేసే పనికి ఆమె మూడు పూటలు కేటాయించారు. మొదటి పూట ఒక ఈమెయిల్ ప్రింటును బల్ల మీద పెట్టి, పైనున్న తేదీ మీద పసుపు రంగు కాగితం ముక్క అంటించి, "ఇది ఎప్పుడు రాశారు?" అని అడిగారు. "మార్చిలో, క్వార్టర్ ఎండ్ ముందు" అన్నాను తడుముకోకుండా. ఆమె కాగితం తీశారు. జూన్ 19. నేను అబద్ధం చెప్పాలనుకోలేదు. మార్చిలో జరిగిన మరో విషయాన్ని దీనికి అతికించాను, అంతే. "ఇదే మాట ఎఫ్‌బీఐ ఏజెంటుతో అని ఉంటే?" అన్నారామె. ఫెడరల్ అధికారికి తెలిసి తెలిసి అబద్ధం చెప్పడం ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం. పొరపాటున అన్నదే అని తరువాత నిరూపించుకోవడానికి ఎన్ని రోజులు, ఎంత డబ్బు పోతాయో ఎవరూ చెప్పలేరు. కంపెనీ లాయర్లతో అయితే ఫరవాలేదనుకోవడానికి కూడా వీల్లేదు. కంప్యూటర్ అసోసియేట్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వ్యవహారంలో కంపెనీ నియమించిన లాయర్లకు అబద్ధాలు చెప్పడం న్యాయప్రక్రియకు అడ్డు తగలడమేనని ప్రాసిక్యూటర్లు ఆరోపించగా, 2004లో ఆ కంపెనీ ఉన్నతాధికారులు కొందరు నేరం ఒప్పుకున్నారు. అమెరికాలో పేరున్న టీవీ ప్రముఖురాలు మార్తా స్టీవర్ట్‌కు అదే ఏడాది శిక్ష పడింది కూడా షేర్ల అమ్మకం మీద కాదు, దాని గురించి దర్యాప్తులో చెప్పిన మాటల మీద.

మనకు పెద్దవాళ్లు ఏదైనా అడిగితే "తెలియదు" అనడం మర్యాదగా అనిపించదు. ఏదో ఒకటి చెప్పి వాళ్ల అనుమానం తీర్చాలనిపిస్తుంది. నాలోని ఈ అలవాటును ఆమె మొదటి గంటలోనే పట్టుకున్నారు. "గుర్తు లేదు" అన్నది నిజమైతే అదే పూర్తి జవాబని, దాని తరువాత నిశ్శబ్దం ఎంతసేపున్నా దాన్ని నింపే బాధ్యత నాది కాదని మూడు పూటలూ సాధన చేయించారు. ఏం చెప్పాలో మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. ఒకచోట నా మెయిల్‌లోని వాక్యం నాకు ఇబ్బంది కలిగించేదే అయినా, "అది మీరు రాసిందే కదా, అలాగే చెప్పండి" అన్నారు. అసలు ఇంటర్వ్యూ రెండున్నర గంటల్లో అయిపోయింది. నేను సొంత లాయరుతో రావడాన్ని అవతలి లాయర్లు కొంచెం కూడా తప్పుగా తీసుకోలేదు.

ఈ దేశంలో వీసా మీద ఉన్న మనవాళ్లు ముఖ్యంగా చదవవలసిన భాగం ఇది. రెండో సమావేశానికే ఆమె ఒక ఇమిగ్రేషన్ లాయరును వెంటబెట్టుకుని వచ్చారు. నాది హెచ్‌1బి, గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నాను. ఉద్యోగం పోతే హెచ్‌1బి వారికి సాధారణంగా దొరికే గడువు 60 రోజులే. బాధితుల నష్టం 10,000 డాలర్లు దాటిన మోసం కేసులో నేరం రుజువైతే, గ్రీన్‌కార్డు ఉన్నవారిని సైతం దేశం నుంచి పంపేయడానికి చట్టం వీలు కల్పిస్తుంది. కార్పొరేట్ లెక్కల్లో ఆ మొత్తం ఒక్క ఇన్‌వాయిస్‌తోనే దాటిపోతుంది. నేరం ఒప్పుకుంటే దేశబహిష్కారం రావచ్చన్న సంగతిని క్లయింటుకు చెప్పడం డిఫెన్స్ లాయరు విధి అని 2010లో పాడిల్లా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నాపై ఏ అభియోగమూ లేనప్పుడే, నేను అడగకముందే ఆమె ఆ కోణం ఆలోచించారు. నేను మాట్లాడిన మరో ఇద్దరు లాయర్లు నా వీసా సంగతి అడగనే లేదు.

ఇక ఖర్చు. గంటలో పదోవంతు, అంటే ఆరు నిమిషాల లెక్కన బిల్లు వేస్తారు. రెండు నిమిషాల ఫోన్‌కాల్ కూడా ఆరు నిమిషాలే. గంట రేటు చూసి మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ మా కంపెనీ డెలవేర్‌లో నమోదైనది. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ఉద్యోగుల లాయరు ఖర్చును కంపెనీ ముందుగా భరించవచ్చు. దానికి సంబంధించిన నిబంధన మా కంపెనీ బైలాస్‌లో, అంటే అంతర్గత నియమావళిలో ఎక్కడుందో వెతికి, కంపెనీకి లేఖ రాసి, ఖర్చులో అధికభాగం వాళ్లే కట్టేలా ఆమె ఏర్పాటు చేశారు. నాకు అర్హత లేదని చివరికి తేలితే తిరిగి కట్టేస్తానని నేను సంతకం చేయవలసి వచ్చింది. ఆడిట్ సంస్థ కేపీఎంజీ పన్ను కేసులో మాజీ ఉద్యోగుల లాయరు ఫీజులు ఆపేలా ప్రభుత్వమే సంస్థపై ఒత్తిడి తెచ్చిందని జడ్జి లూయిస్ కాప్లన్ తప్పుపట్టి 13 మందిపై అభియోగాలు కొట్టివేశారు, 2008లో పై కోర్టు దాన్ని సమర్థించింది. కాబట్టి ఫీజు అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

లోపాలు కూడా చెప్పాలి. పద్నాలుగు నెలల్లో నా ఫైలు చూసే జూనియర్ లాయరు రెండుసార్లు మారారు. కొత్తగా వచ్చిన ప్రతిసారీ మా ఆదాయ నమోదు పద్ధతిని మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది, ఆ గంటలకూ బిల్లు వచ్చింది. రెండోసారి నేను అభ్యంతరం చెబితే తొమ్మిది గంటలు తగ్గించారు. నేను అడగకపోతే తగ్గించేవారు కాదేమోనన్న బాధ మిగిలింది. ఇంటర్వ్యూకు ముందు వారంలో నేను పంపిన ఒక ముఖ్యమైన మెయిల్‌కు నాలుగు రోజులు జవాబు రాలేదు. ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్న మనిషికి నాలుగు రోజులంటే చిన్న విషయం కాదు. లెక్కల విషయంలో ఆమెకు స్వయంగా లోతైన పట్టు లేదు కూడా. అయితే ఆ సంగతి దాచకుండా, లెక్కల్లోని అవకతవకలను శోధించే ఒక ఫోరెన్సిక్ అకౌంటెంటును తన తరఫున నియమించుకున్నారు. లాయరుకు సహాయంగా పనిచేసే అకౌంటెంటుతో జరిగే సంభాషణకు కూడా గోప్యతా రక్షణ ఉంటుందని 1961 నాటి కోవెల్ తీర్పు చెబుతుంది. నేనే నేరుగా సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంటు) అయిన ఒక స్నేహితుడితో మాట్లాడి ఉంటే అలాంటి రక్షణ ఉండేది కాదు.

కంపెనీ ఇంటర్వ్యూల్లో చెప్పింది ఎంత దూరం వెళుతుందో తెలియడానికి మనవాళ్లకు దగ్గరి ఉదాహరణ కాగ్నిజెంట్. చెన్నై క్యాంపస్ అనుమతుల కోసం లంచం ఇచ్చారన్న వ్యవహారాన్ని ఆ కంపెనీ తనే విచారించి ప్రభుత్వానికి తెలిపింది; 2019 ఫిబ్రవరిలో ఎస్‌ఈసీకి సుమారు 2.5 కోట్ల డాలర్లు కట్టింది. అమెరికా న్యాయశాఖ కంపెనీపై కేసు పెట్టలేదు గానీ, ఇద్దరు మాజీ ఉన్నతాధికారులపై పెట్టింది. ఉద్యోగుల ఇంటర్వ్యూల సారాంశాన్ని ప్రభుత్వానికి వివరంగా చెప్పినందువల్ల ఆ మేరకు గోప్యతా రక్షణను కంపెనీ వదులుకున్నట్టేనని 2022లో న్యూజెర్సీలోని నెవార్క్ ఫెడరల్ జడ్జి తేల్చారు. ఆ ఇద్దరిపై కేసును ప్రభుత్వం 2025లో ఉపసంహరించుకునే నాటికి ఆరేళ్లు గడిచిపోయాయి.

నా విషయంలో నేను సాక్షిగానే మిగిలాను. ఇన్‌వాయిస్‌ల నిర్ణయం మా విభాగానికి పై స్థాయిలో జరిగిందని కాగితాలే చూపించాయి. మీకు ఇలాంటి అవసరం వస్తే, లీగల్ హోల్డ్ మెయిల్ వచ్చిన వారంలోనే లాయరును కలవండి. ఇంటర్వ్యూ అయిపోయాక వెళితే లాయరు చేయగలిగింది సగానికి తగ్గిపోతుంది. స్వయంగా జ్యూరీ ముందు ఎన్ని కేసులు నడిపారో, నా ఫైలు రోజూ ఎవరు చూస్తారో, వారు మారితే కొత్తవారికి నేర్పే గంటలు ఎవరి ఖాతాలో పడతాయో మొదటి రోజే అడగండి. ఈ మూడో ప్రశ్న నేను అడగలేదు.