ఢిల్లీ నుంచి ఖాట్మండుకు: ఏ సీటు మేలు?

నేపాల్‌లోని ముక్తినాథ్ యాత్రకు టికెట్లు బుక్ చేసుకోగానే మా బంధువులంతా అడిగేది ఒకటే: "హిమాలయాలు కనిపించాలంటే ఎటువైపు కూర్చోవాలి?" ఎడమవైపు, అంటే 'ఏ' సీటు. ఇందులో తర్జనభర్జన ఏమీ లేదు. విమానం ఢిల్లీ నుంచి తూర్పుగా పోతుంది, కొండలన్నీ ఉత్తరాన ఉంటాయి. ఎండ దక్షిణం వైపు నుంచి వస్తుంది కాబట్టి మన కళ్లలో కొట్టకుండా మంచు మీద పడుతుంది. కుడివైపు మైదానం తప్ప ఏమీ కనిపించదు.

కానీ అసలు తేడా వరసలో ఉంది. అది మాత్రం ఎవరూ అడగరు.

మనం దాదాపు పది కిలోమీటర్ల ఎత్తున ఉంటాం కదా, ఎనిమిది వేల మీటర్ల శిఖరాలు కూడా మన తల ఎత్తున ఉండవు. ఆకాశం అంచున తెల్లటి రంపపు పళ్లలా కనిపిస్తాయి. రెక్క పక్కన కూర్చుంటే సరిగ్గా అక్కడికే రెక్క కొస అడ్డొస్తుంది. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 విమానాల్లో ఇంచుమించు 10 నుంచి 19 దాకా వరసలతో ఇదే ఇబ్బంది.

రెక్క దాటాక, బాగా వెనక వరసలు చాలాసార్లు చవగ్గా దొరుకుతాయి. కింద నదుల వంపులు చక్కగా కనిపిస్తాయి. అయితే ముందువైపు చూస్తే ఇంజిన్ వేడిగాలికి కొండలు ఎండాకాలం తారురోడ్డులా అలలు అలలుగా కదులుతాయి. కంటికి ఫర్వాలేదు గానీ ఫోన్‌లో జూమ్ చేస్తే ఫొటో మసకబారుతుంది.

నా ఓటు 4 నుంచి 8 వరసలకే. అక్కడ కూర్చుంటే కొండలు ఎదురొస్తున్నట్టు ఉంటుంది. పోయిన నవంబర్‌లో అమ్మను 6ఏలో కూర్చోబెట్టాను. నేపాల్‌లోకి వచ్చాక ధవళగిరి (8,167 మీటర్లు), దాని పక్కన లోతుగా ఒక సందు, ఆ తర్వాత అన్నపూర్ణ (8,091 మీటర్లు). ఆ సందే కాళీ గండకి లోయ. సాలగ్రామాలు దొరికేది ఆ నదిలోనే, ముక్తినాథ్ ఉండేదీ అటువైపే. అమ్మ నుదురు అద్దానికి ఆనించి చాలాసేపు చూసింది. "ఇందాకట్నుంచి చూస్తున్నా నాన్నా, మిగతావన్నీ ఆకారం మారుతున్నాయి, అవి మారట్లేదు. అవి మబ్బులు కావు" అంది. కొండనూ మబ్బునూ పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి గుర్తు నాకు తెలీదు.

ముందు వరసల్లోనూ ఒక చిక్కుంది. ఒకసారి అదనంగా డబ్బు కట్టి రెక్కకు కాస్త ముందున్న 'ఏ' సీటు తీసుకుంటే, పక్కన కిటికీయే లేదు, ఉత్త గోడ! 737 రకాల్లో కొన్నింట్లో ఎడమవైపు ఏసీ గొట్టాలు పోయే చోట కిటికీ పెట్టరు. వరస నంబర్ ఒక్కో ఎయిర్‌లైన్స్‌కి ఒక్కోలా ఉంటుంది. అందుకే 9, 10, 11 వరసల జోలికి నేను పోను.

అక్టోబర్, నవంబర్ నెలల్లో ఉదయం విమానమైతే ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ. వానాకాలంలో సీటుకు డబ్బు పెట్టకండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా ఏ సీటైనా ఒకటే.

ఎవరెస్టు ఖాట్మండుకు ఇంకా తూర్పున ఉంది కాబట్టి దారిలో దానిమీద ఆశ పెట్టుకోవద్దు. అదే చూడాలంటే ఖాట్మండు నుంచి పొద్దున్నే ఎగిరే మౌంటెన్ ఫ్లైట్ ఉంది.

తిరిగొచ్చేటప్పుడు కొండలు కుడివైపుకు మారతాయి, అప్పుడు 'ఎఫ్' తీసుకోండి, వరసలు మాత్రం అవే. మధ్యాహ్నానికి తరచూ మబ్బు కమ్మేస్తుంది కాబట్టి పొద్దుటి విమానమైతేనే దానికి డబ్బు కట్టండి.