కోబో టూల్‌బాక్స్: లెక్క రాయడానికి మంచిదే, ఏం లెక్కపెట్టాలో మాత్రం మనమే తేల్చుకోవాలి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా గూడేల్లో మీటింగులు పెట్టి టీబీ పరిశోధనల గురించి చెప్పడం మా పని. ఆ మీటింగుల వల్ల జనానికి ఏం ఒరిగిందో నమోదు చేసుకోవడానికి కోబో టూల్‌బాక్స్ వాడుతున్నాం; ఇది ఫోన్‌లో ప్రశ్నల ఫారాలు నింపి, జవాబులను ఒకచోట చేర్చుకునే సాధనం. ఇలాంటి పని చేసే చిన్న సంస్థలకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు యాప్ సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కోబోకలెక్ట్ అనే దాని యాప్ వేసుకుంటే చాలు. సిగ్నల్ అందని చోట ఫారం నింపి దాచుకుని, మండల కేంద్రానికి వచ్చాక పంపొచ్చు. ప్రశ్నలు తెలుగులో పెట్టుకోవచ్చు. ఫారాన్ని ఎక్సెల్‌లో తయారు చేసుకుంటే ప్రశ్నకు ఆడియో కూడా జోడించొచ్చు. చదువు రాని పెద్దవాళ్లకు మేం ప్రశ్నను కోయలోనే వినిపిస్తున్నాం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇక ఇండికేటర్లు, అంటే పని ఫలించిందో లేదో చూడటానికి పెట్టుకునే కొలతలు. కోబో వెబ్‌సైట్ అంకెలను వెంటనే లెక్కగట్టి చూపిస్తుంది కాబట్టి మనసు అటే పోతుంది: ఎంతమంది వచ్చారు, ఎన్ని కరపత్రాలు పంచాం. అవి మనం తిరిగామని చెబుతాయి, వాళ్లకు అర్థమైందని చెప్పవు.

ఈ తేడా మా ప్రాంతానికి బాగా తెలుసు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు మొదలైంది. 2010లో దాన్ని ఆపేశారు. తర్వాత పరిశీలిస్తే 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకాలు తల్లిదండ్రులవి కాదు, హాస్టల్ వార్డెన్లవి, 1,948 మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. 9,543 అన్న అంకె ఒక్కటే చూస్తే ఏ లోటూ కనపడదు.

అందుకే మేం మీటింగు అయిన కొన్నాళ్లకు కొన్ని ఇళ్లకు వెళ్లి, "ఈ పరిశోధనలో చేరనంటే మీ టీబీ మందులకు ఏమవుతుంది?" అని అడుగుతాం. "అర్థమైందా అమ్మా?" అంటే మర్యాదకైనా "అయింది" అనేస్తారు, అలా అడిగి లాభం లేదు. జవాబును వాళ్ల అనుమతితో రికార్డు చేసి, ఇద్దరం విడివిడిగా విని, వాళ్లకు అర్థమైందో లేదో మార్కు వేస్తాం. మొదటి మీటింగుకు ముందే కొందరిని ఇదే అడిగి పెట్టుకోవాలి, లేకపోతే మార్పు మన మీటింగు వల్ల వచ్చిందో కాదో తేలదు.

ఇంకొకటి: మీటింగులో ప్రశ్నలు ఎవరు అడిగారు? సర్పంచి, ఇద్దరు మగవాళ్లేనా, ఆడవాళ్లూ నోరు విప్పారా? మూడోది, ఆ ప్రశ్నల్లో ఎన్ని పరిశోధకుల దాకా వెళ్లి జవాబుతో ఊరికి తిరిగొచ్చాయి? దీన్ని రాసిపెట్టడమే కష్టం, నాకు ఎక్కువ విలువైనదీ ఇదే, ఎందుకంటే దీనికి పరిశోధకులూ జవాబు చెప్పుకోవాలి. ఒకావిడ "మా కళ్లె పరీక్షకు వాడగా మిగిలింది ఏం చేస్తారు?" అని అడిగారు. జవాబు తెప్పించాం, సమాచార పత్రంలో ఆ వాక్యం చేర్పించాం. అలాంటిది ఒక్కటి జరిగినా మీటింగు పెట్టినందుకు ఫలితం దక్కినట్టే.

లోట్లూ ఉన్నాయి. మాటల్లో వచ్చిన జవాబులు గ్రాఫు కావు, కూర్చుని వినాల్సిందే. ఆడియో ఫైళ్లు బరువు, నెట్ నెమ్మదిగా ఉంటే పంపడానికి చాలాసేపు పడుతుంది. మధ్యలో ప్రశ్న కోడ్ పేరు మారిస్తే పాత జవాబులు ఒక కాలమ్‌లో, కొత్తవి ఇంకో కాలమ్‌లో పడతాయి. కాబట్టి ఒక ఊళ్లో వాడి చూసి, ఫారం ఖాయం చేసుకున్నాకే మిగతా ఊళ్లకు ఇవ్వండి.

ఇండికేటర్లు అరడజను దాటనివ్వకండి. ఫారం పొడవైతే దాన్ని నింపే ఆశా కార్యకర్తలు అలసిపోయి చివరి ప్రశ్నలు తోచినట్టు నొక్కేస్తారు, తప్పు వాళ్లది కాదు.

నా రేటింగ్ ఐదుకు నాలుగు. డేటా దించుకునేటప్పుడు సీఎస్‌వీ కాకుండా ఎక్సెల్ ఎంచుకోండి, తెలుగు అక్షరాలు చెడకుండా వస్తాయి.